మోగని అలారం

మొదటి రోజే ఇద్దరికీ చెడింది.

అతను ఆస్పత్రిలో మిషన్లు బాగుచేసేవాడు. ఊపిరి మిషన్లు, గుండె కొట్టుకోవడం చూపించే తెరలు, మందు ఎక్కించే పంపులు, అన్నిటికీ వైద్యం అతనిదే. జేబులో ఎప్పుడూ ఒక పానా ఉండేది కాబట్టి అందరూ అతన్ని పానా అనే పిలిచేవారు. అసలు పేరు అడిగితే అతనే కాస్త ఆలోచించి చెప్పేవాడు.

ఆమె జబ్బు వార్డులో నర్సు. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న రోజులవి. ఇంటికి జబ్బు మోసుకుపోకుండా నర్సుల్ని ఒక లాడ్జిలో ఉంచారు. జబ్బు సోకినవాళ్ళు ఆ వార్డులోకి నడిచి వచ్చేవారు. నడిచి వెళ్ళేవాళ్ళు తక్కువ. పోయినవాళ్ళ ఫోన్లు సంచుల్లో కట్టి బీరువాలో పెట్టేవారు. ఇంటివాళ్ళు నమ్మక ఫోన్లు చేస్తూనే ఉండేవారు. బీరువా మోగుతూనే ఉండేది.

వార్డులోకి ఎవరు పోవాలన్నా తల నుంచి కాలి దాకా తెల్ల సూటు తొడుక్కోవాలి. తొడుక్కున్నాక మంచినీళ్ళు లేవు, బాత్రూము లేదు. విప్పితే ఆ సూటు చెత్తబుట్టకే. సూట్లకు కరువు. పానాకు రోజుకు ఒకటే ఇచ్చేవారు.

ఆ ఒక్కటీ తొడుక్కుని, చెమటలు కక్కుతూ అతను కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు. అక్కడి ఊపిరి మిషను అలారం ఆగకుండా మోగుతోందని ఆమె ఫోను చేసింది. చూస్తే మిషను బుద్ధిగా తన పని చేసుకుంటోంది.

"ఏమీ మోగడం లేదే," అన్నాడు.

"ఇందాకటి దాకా మోగింది. మిమ్మల్ని చూసి ఆగింది."

"నన్ను చూసి ఆగడానికి అదేమన్నా అల్లరి పిల్లాడా, సిస్టర్?"

"మీరు చూసే చూపుకి మనుషులే ఆగిపోతారు. మిషనెంత."

ఒక సూటు దండగ చేశారని అతను అన్నాడు. దండగ అయితే అవుతుంది, మోగినప్పుడు రాకపోతే ప్రాణం దండగ అవుతుందని ఆమె అంది. అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. వర్క్‌షాపులో పెద్దాయనతో, ఆ వార్డుకి ఇక తను వెళ్ళనని, ఆ పిల్ల నోరు మంచిది కాదని చెప్పాడు. పెద్దాయన గుండె జబ్బు మనిషి. వార్డులో అడుగు పెట్టకూడదు. కాబట్టి వెళ్ళేది పానానే.

ఆ వారమంతా ఆమె పిలిపిస్తూనే ఉంది. ప్రతిసారీ అదే మిషను. ప్రతిసారీ అది నోరు మూసుకునే ఉంది.

వార్డులో గచ్చు తుడిచే ఆయా నోటికి తాళం లేని మనిషి. నర్సమ్మకి మిషను మీద మనసా, మిషను బాగుచేసేవాడి మీద మనసా తేల్చుకోమంది. నర్సు విననట్టు ఊరుకుంది. పానా విన్నాడు. ఆ మాటను వర్క్‌షాపు దాకా జాగ్రత్తగా మోసుకుపోయాడు. మగవాడికి అంత చాలు. మిగతాది తనే అల్లుకుంటాడు.

తర్వాతి పిలుపుకి అతను తల దువ్వుకుని వెళ్ళాడు. ఆ సూటు కింద తల ఎవరికి కనపడుతుందో అతనికే తెలియాలి.

ఆ పొద్దునే కిటికీ పక్క మంచం మీది మనిషి పోయాడు. మంచం కడిగి ఆరబెట్టారు. మిషను ఆపేసి తీగ ఊడదీశారు. తెర నల్లగా ఉంది.

ఆమె ఆ నల్లటి తెర ముందు నిలబడి ఉంది.

"చూశారా, ఎలా మోగుతోందో," అంది. "ఇప్పుడైనా వినపడుతోందా?"

పానా తీగ వైపు చూశాడు. ప్లగ్గు గాలిలో వేలాడుతోంది. ఆమె వైపు చూశాడు. ఆవిరి పట్టిన కళ్ళద్దాల వెనక ఆ కళ్ళని అతను కోపంలోనే చూశాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు వాటిలో కోపం లేదు. అవునని చెప్పమని బతిమాలుతున్నాయి. రెండు మంచాల అవతల పెద్ద సిస్టర్ నిలబడి ఉంది. వార్డు మొత్తానికీ అధికారి ఆవిడే. ఆవిడ ఇటే చూస్తోంది.

లేదు అని చెప్పాల్సిన చోటు అదే. అతను చెప్పలేదు.

"వినపడుతోంది," అన్నాడు. "స్పీకరు చెడింది. మారుస్తాను."

వెనక మూత విప్పాడు. లోపల ఏదీ ముట్టుకోకుండా మళ్ళీ బిగించాడు. ఆమె కాసేపు చెవి ఒగ్గి విని, ఆగింది అంది. ఆమె భుజాలు కిందికి దిగాయి. ఆ భుజాలు దిగగా అతను అదే మొదటిసారి చూడటం.

చెడని మిషను బాగుచేసి అంత గర్వపడ్డవాడు ఇంకొకడు ఉండడు.

ఆస్పత్రి వెనక రేకుల షెడ్డు కింద టీ ఇచ్చేవారు. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని నేల మీద సున్నంతో సున్నాలు చుట్టారు. ఎవరి సున్నాలో వాళ్ళు నిలబడి తాగాలి. అక్కడ అతను ఆమె ముఖం చూశాడు. ముక్కు మీద మాస్కు కోసిన గీత. బుగ్గల మీద కళ్ళద్దాల అచ్చు. అందమైన ముఖమని ఎవరూ అనరు. అతను అదే పనిగా చూశాడు.

"ఏంటి చూస్తున్నారు?"

"మూత తీసిన మిషనులా ఉన్నారు."

"లోపల స్పీకరు బాగానే ఉందా?"

"అది ఒక్కరోజు కూడా చెడలేదు. సౌండే కొంచెం తగ్గించాలి."

ఆమె టీ ఒలకబోసుకుంటూ నవ్వింది. ఆ నవ్వుకి పక్క సున్నాల్లో వాళ్ళు తిరిగి చూశారు. అక్కడ ఎవరైనా నవ్వి చాలా రోజులైంది.

అలా మొదలైంది. అతను రోజూ తన సున్నాలో ఆమె వైపు అంచున నిలబడేవాడు. ఆమె అవతలి అంచున నిలబడేది. కొన్నాళ్ళకి ఆమె కూడా ఇవతలి అంచుకి వచ్చింది. ఇద్దరూ గీత దాటలేదు. నియమం నియమమే.

ఆస్పత్రిలో నర్సుల్ని అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. పానాకు ఆ పిలుపు గొంతులో అడ్డం పడసాగింది. ఏవండీ అన్నాడు, ఇదిగో అన్నాడు, కొన్నిసార్లు ఊరికే దగ్గాడు. దగ్గితే ఆ రోజుల్లో జనం పారిపోయేవారు. ఆమె కనిపెట్టింది. తనకు పిలుపే లేకుండా చేశారేంటని అడిగింది. ఉన్న పిలుపు నచ్చలేదు, కొత్తది ఇంకా దొరకలేదు అన్నాడు. స్టోర్సులో కనుక్కోండి, సూట్ల పక్కన ఉంటుందేమో అంది.

ఒకరోజు మధ్యాహ్నం వాన దంచింది. సున్నాలు కరిగి కాలవలో కలిశాయి. అందరూ లోపలికి పరిగెత్తారు. ఆమె మాత్రం షెడ్డు కింద కళ్ళు మూసుకుని నిలబడింది. రేకుల మీద వాన హోరుకి పక్కమనిషి మాట కూడా వినపడటం లేదు. అతను దగ్గరికి వెళ్ళి లోపలికి రమ్మన్నాడు.

"ఉండండి. వాన పడినంతసేపూ అది మోగదు," అంది.

"ఏది?"

"అదే. లాడ్జిలోనూ మోగుతుంది. స్నానం చేస్తుంటే మోగుతుంది, అన్నం తింటుంటే మోగుతుంది. ఫోనులో శబ్దం తీసేశాను, అయినా మోగుతుంది. అమ్మ ఫోను చేస్తే తెలియడం లేదు నాకు. వానకి ఒక్కదానికే ఊరుకుంటుంది."

అంటే అది ఒక్క మిషను సంగతి కాదని పానాకు అప్పుడు తెలిసింది. ఎవరికైనా చూపించుకోండి అనే మాట నాలుక దాకా వచ్చింది. ఆమె జుట్టు తడిసి ఉంది. సున్నాలు లేవు. ఆమె తల అతని భుజానికి తగిలీ తగలనట్టు ఉంది. రేపు ఇంకో స్పీకరు వేస్తాను, దాంతో సరిపోతుంది అన్నాడు.

దూరం నుంచి చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. ఒక మనిషి మునిగిపోతుంటే గట్టున నిలబడి నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడగడం అది.

చూపించుకోవడానికి దారి మాత్రం ఎక్కడుంది. వార్డు గోడ మీద ఒక కాగితం అంటించారు. మనసు బాగాలేని సిబ్బంది ఫలానా నంబరుకి ఫోను చేయాలని. ఆ నంబరు ఆఫీసులో మోగేది. గుమస్తా ఎత్తి ముందు ఉద్యోగి నంబరు చెప్పమనేవాడు. ఒక నర్సు నమ్మి చెప్పింది. ఆమెని దుప్పట్లు ఉతికే గదికి మార్చారు. కాంట్రాక్టు అయిపోయాక మళ్ళీ తీసుకోలేదు. అప్పట్నుంచి ఆస్పత్రిలో అందరి మనసులూ బాగున్నాయి. గేటు మీద బ్యానరు కూడా కట్టారు, లోపల పనిచేసేవాళ్ళు దేవతలని. దేవతల్ని లాడ్జి యజమాని వెనక మెట్ల మీదుగా రమ్మనేవాడు.

గుట్టు బయటపెట్టింది వర్క్‌షాపు పెద్దాయన. చెడ్డ బుద్ధితో కాదు. టీ తాగుతూ, కుర్రాణ్ణి కాస్త ఆట పట్టిద్దామనుకున్నాడు.

"మావాడు మీ మిషను దగ్గరే కాపురం పెట్టాడమ్మా. స్పీకరు మార్చాను, స్పీకరు మార్చాను అంటాడు. ఆ రకం స్పీకర్లు మా దగ్గర ఒక్కటీ లేదు. ఎక్కడ కొట్టుకొస్తున్నాడో ఏమో."

ఆయన ఒక్కడే నవ్వాడు.

ఆమె టీ కప్పు కింద పెట్టింది.

"ఆ రోజు అది మోగిందా?"

పానా జేబులో చెయ్యి పెట్టి పానాని తడుముకున్నాడు.

"ఒక్కసారైనా మోగిందా?"

"లేదు."

"ప్లగ్గు?"

"పెట్టి లేదు."

పెద్దాయన తన కప్పు తీసుకుని మెల్లగా జారుకున్నాడు.

"అంటే నా బుర్ర చెడిందని మీకు తెలుసు. నాకొక్కదానికే తెలీదు," అంది ఆమె. "బాగుంది."

"కాస్త నిద్ర పడుతుందేమోనని..."

"జో కొట్టడానికి నేను ఉయ్యాల్లో పిల్లనా? నా చెవుల్ని నమ్ముకుని అక్కడ మనుషులు పడుకుని ఉన్నారు. అది తోచలేదా మీకు?"

తోచింది. వాన రోజునే తోచింది. ఆమె సున్నా దాటి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి టీకి రావడం మానేసింది.

ఆమె ఉద్యోగం వదల్లేదు. పెద్ద సిస్టర్‌తో చెప్పలేదు. చెబితే దుప్పట్ల గది. తన చెవులకు తనే ఒక చట్టం పెట్టుకుంది. ఏదైనా మోగితే లేవకూడదు. పక్కనున్నవాళ్ళు లేస్తే, అప్పుడు లేవాలి. పక్కనున్నవాళ్ళు లేవకపోతే అది మోగనట్టే. తిరిగి చూసిందా, పిచ్చిని ఒప్పుకున్నట్టే.

చదువుకున్న మనిషి పెట్టుకున్న చట్టమే అది. కొన్నాళ్ళు పనిచేసింది కూడా.

కిటికీ పక్క మంచానికి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. భారీ మనిషి. గొంతులో గొట్టం వేశారు కాబట్టి మాట లేదు. అయినా మెలకువ వస్తే మంచం కమ్మీ మీద వేలితో రెండుసార్లు తట్టి నర్సుని పిలిచేవాడు, ముందు బండికి హారన్ కొట్టినట్టు. వస్తున్నానండీ, సైడ్ ఇస్తున్నాను అనేది ఆమె. ఆయన కళ్ళు నవ్వేవి.

ఆ రోజు డ్యూటీలు మారే వేళ. పాతవాళ్ళు సూట్లు విప్పుతున్నారు, కొత్తవాళ్ళు తొడుక్కుంటున్నారు. వార్డులో ఆమె, ఆయా మిగిలారు. డ్రైవరు మందు మత్తులో నిద్రపోతున్నాడు. ఆమె అటు వీపు పెట్టి సిరంజిలు నింపుతోంది.

అలారం మోగింది.

ఆమె చెయ్యి ఆగింది. ఓరకంట ఆయాని చూసింది. ఆయా గచ్చు తుడుస్తూనే ఉంది. అయితే మోగలేదన్నమాట. ఆమె మళ్ళీ సిరంజి అందుకుంది.

ఆయాకి వినపడింది. ఆమె నర్సమ్మ వైపు చూసింది. నర్సమ్మ తన పని తను చేసుకుంటోంది. అయితే పట్టించుకోవలసింది కాదన్నమాట. ఆయా మళ్ళీ తుడుపుగుడ్డ అందుకుంది.

ఒకరిని చూసి ఒకరు అలా ఉండిపోయారు. ఎంతసేపో ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళు లేరు.

పానా ఇంకేదో పంపు చూడటానికి వచ్చాడు. తలుపు దగ్గరే అతనికి వినపడింది.

"మోగుతోంది," అని అరిచాడు. "వింటున్నారా? ఇది మోగుతోంది. నిజంగా మోగుతోంది."

ఆమె తిరిగింది. మిషను గొట్టం ఊడి దిండు మీద పడి ఉంది. డ్రైవరు పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ తర్వాత ఆమె చేతులు చేసిన పనిలో తప్పు పట్టడానికేమీ లేదు. గొట్టం తగిలించింది, డాక్టర్ని పిలిచింది, మందు ఎక్కించింది. పెదాలకు రంగు వచ్చింది. అంతా అయ్యాక గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

డ్రైవరు ఆ రోజు బతికాడు. ఆ వారంలోనే పోయాడు.

పానా సూటు విప్పి నేరుగా పెద్ద సిస్టర్ గదికి వెళ్ళాడు. మొదటి పిలుపు నుంచి మొత్తం చెప్పాడు. నల్లటి తెర, ఊడిన ప్లగ్గు, లేని స్పీకరు, వాన. ఏదీ దాచలేదు. దాచకపోవడం అతనికి ఆలస్యంగా వచ్చిన విద్య.

పెద్ద సిస్టర్ అంతా విని కళ్ళజోడు తీసింది.

"ఆ రోజు ప్లగ్గు నాకూ కనపడింది," అంది. "చూడనట్టు ఊరుకున్నాను. ఒక నర్సు తగ్గితే ఆ మంచాలు ఎవరు చూస్తారని. నీది ప్రేమ, నాది అవసరం. మనిద్దరం చేసింది ఒకటే పని."

ఆ సాయంత్రం ఆవిడే నర్సుని వెంటబెట్టుకుని మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆఫీసు నంబరుకి కాదు, ఊళ్ళో ఒక మేడ మీద ఆస్పత్రికి. అక్కడ హాల్లో కుర్చీలు సగం తమ ఆస్పత్రి వాళ్ళతోనే నిండి ఉన్నాయి. ఒకరినొకరు చూసుకుని, ఎవరికో తోడు వచ్చామని చెప్పుకున్నారు. పెద్ద సిస్టర్ కూడా అదే చెప్పింది. తర్వాత తన పేరు కూడా రాయించుకుంది.

ఆఫీసు పానాకి సంజాయిషీ నోటీసు ఇచ్చింది. నర్సుని సెలవు మీద ఇంటికి పంపింది. బ్యానరు అలాగే ఉంది.

డాక్టరు చెవులకి ఏమీ కాలేదన్నాడు. ఎప్పుడు మోగుతుందా అని కాచుకుని కూర్చోవడం అలవాటైన మనసు, కాపలా దిగమంటే దిగడం లేదన్నాడు. మాత్రలు ఇచ్చాడు. మోగినట్టనిపిస్తే పక్కనున్న మనిషిని అడగమన్నాడు. అబద్ధం చెప్పని మనిషిని. వాళ్ళు లేదంటే లేదు, ఉందంటే ఉంది. కొన్నాళ్ళకి చెవులు వాటంతటవే దారికి వస్తాయన్నాడు.

అబద్ధం చెప్పని మనిషి అనగానే తల్లి, నేనున్నానుగా అంది.

తల్లి బట్టలు కుట్టేది. అబద్ధాల మొగుడితో ఒక కాపురం చేసి, అతను వదిలి పోయాక కుట్టుమిషను తొక్కి కూతుర్ని నర్సు చదివించింది. ఆ తొక్కుడికి మోకాళ్ళు అరిగాయి. మెట్లు అంటేనే ఏడుపు. పానా సంగతంతా విని ఆమె ఒకటే అంది.

"అబద్ధాలాడే మగాడు ఈ ఇంటికి ఒకడు చాలు. స్పీకరు మార్చినాయన్ని ఈ గడప తొక్కనివ్వను."

కూతురు రోజంతా అడిగేది, మోగుతోందా అమ్మా అని. లేదు తల్లీ, అనేది తల్లి. స్నానాల గదిలోంచి అడిగితే లేదు తల్లీ. భోజనం మధ్యలో అడిగితే లేదు తల్లీ. ఒకరోజు పొయ్యి మీద కెటిల్ ఈల వేసి, వేసి, నీళ్ళన్నీ ఇగిరి అడుగు మాడింది. అప్పుడూ కూతురు అడిగింది. కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా తల్లి, లేదు తల్లీ అంది.

మాడు వాసన ఇల్లంతా నిండాక ఇద్దరూ కెటిల్ ముందు నిలబడ్డారు.

"నువ్వు కూడానా అమ్మా," అంది కూతురు.

తల్లి మాడిన కెటిల్‌ని పీచుతో తోముతూ కూర్చుంది. తల ఎత్తలేదు.

ఆ పూటే కూతురు పానాకి ఫోను చేసింది. పలకరింపు లేదు.

"మోగుతోందా?" అంది.

"ఫోనులో నాకేమీ వినపడటం లేదు," అన్నాడు. "కానీ ఫోను మీద నమ్మకం లేదు. వచ్చి విని చెప్తాను."

సైకిలేసుకుని వచ్చాడు. గేటు బయటే నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, కదలకుండా విన్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి వాళ్ళూ విన్నారు. తల్లి మెడలో టేపుతో కిటికీలోకి వచ్చింది.

"నువ్వేనా ఆ స్పీకరు మార్చినాయన?"

"మార్చలేదండీ. మార్చానని చెప్పాను."

తల్లి మెడలో టేపు సర్దుకుంది. అలా ఒప్పుకునే మగాడు ఆమెకి కొత్త.

"రెండిళ్ళ అవతల ఎవరో గోడకి డ్రిల్లు వేస్తున్నారు," అన్నాడు అతను మెట్టు మీద కూర్చున్న నర్సుతో. "అది ఉంది. అది కాక ఇంకేదైనా వినపడుతోందా?"

"ఇంకొకటి వినపడుతోంది."

"అయితే అది లేదు."

ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. కాసేపటికి భుజాలు కొంచెం దిగాయి. అంతకుముందు దిగినంత కాదు. అతనికి ఈసారి గర్వం కలగలేదు.

రోజూ డ్యూటీ దిగి వచ్చేవాడు. గడప తొక్కేవాడు కాదు. గేటు బయట అతను, మెట్టు మీద ఆమె. నిజం చెప్పడం మొదలుపెట్టాక అతనికి మోతాదు తెలియలేదు. నేను బాగవుతానా అని అడిగితే, తెలీదు, పోయిన వారం కంటే తక్కువసార్లు అడుగుతున్నారు అన్నాడు. చూడటానికి ఎలా ఉన్నానని అడిగితే, కళ్ళ కింద నల్లగా ఉంది, జడ వంకరగా వేశారు అన్నాడు. ఆమె నవ్వింది. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. నవ్వు అయిపోయేదాకా ఆగి, మళ్ళీ మొదలైంది.

ఒక సాయంత్రం ఆమె ఇంకేమీ వినపడటం లేదంది. ఆ తర్వాత అడగాల్సింది అడిగింది.

"ఆ డ్రైవరు నా వల్ల పోయాడా?"

ఎవరైనా కాదనే చెబుతారు. ఆ మాట చెప్పడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు.

"ఊపిరితిత్తులు అంతకుముందే పోయాయని, ఎలాగైనా దక్కేవాడు కాదని డాక్టర్లు అంటున్నారు," అన్నాడు పానా. "నాకు తెలీదు. ఆ రోజు మీరు లేవడం ఆలస్యమైంది, అది నిజం. అందులో సగం నాది."

ఆమె ఏడ్చింది. అతను ఏడవకండి అనలేదు. వీధి దీపాలు వెలిగేదాకా ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఇన్నాళ్ళూ అందరూ కాదు కాదు అంటుంటే ఏడవడానికి వీల్లేకపోయింది అంది.

"ఇంకో నిజం ఉంది. చెప్పమంటారా?" అన్నాడు.

"అదీ ఇలాంటిదేనా?"

"మీరంటే నాకు ఇష్టం. మొదటి రోజు నుంచి మాత్రం కాదు. మొదటి రోజు మీరంటే చిరాకు."

"మరి ఎప్పట్నుంచి?"

"మీ భుజాలు దిగిన రోజు నుంచి."

"అబద్ధం చెప్పిన రోజా?"

"అదే రోజు. అదే నా దరిద్రం."

తన చెవులే తన మాట వినని మనిషి ఇప్పుడు మనసు మాట ఏం వింటుందని ఆమె అంది. మళ్ళీ అడగవద్దంది. చెప్పాలనిపించిన రోజు తనే చెబుతానంది. సరే అన్నాడు. మర్నాడూ వచ్చాడు. అడగలేదు.

నెలవారీ చూపించుకునే రోజు తల్లి కూడా బయల్దేరింది. పానా డాక్టరు మేడ కింద ఎదురుచూస్తున్నాడు. తల్లి అతన్ని చూసి, చూడనట్టు ముందుకు నడిచి, లిఫ్టు మీట నొక్కింది. మోకాళ్ళ వల్ల ఆమెకి లిఫ్టు తప్పదు. పాత లిఫ్టు, ఇరుకు. ముగ్గురూ ఎక్కారు. తలుపు మూసుకునే లోపల మంచినీళ్ళ క్యాన్లు మోసేవాడు భుజాన ఒకటి, చేతిలో ఒకటి పట్టుకుని దూరాడు.

గంట మోగింది. లిఫ్టు కదల్లేదు.

ఆమె వెనక కమ్మీ పట్టుకుంది. ఆ మోత అచ్చం అదే మోత.

"మోగుతోందా?" అంది, తల్లి వైపు చూసి.

తల్లి నోరు తెరిచింది. లేదు తల్లీ అనే మాట పెదాల దాకా వచ్చింది, కనపడింది కూడా. నోరు మూసుకుంది. పానా వైపు చూసింది.

"మోగుతోంది," అన్నాడు పానా. "బరువెక్కువైంది. ఒకరు దిగాలి. నేను దిగుతాను."

అతను అడుగు ముందుకు వేశాడు. తల్లి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"నువ్వు ఉండు బాబూ," అంది. "దానికి విని చెప్పేవాళ్ళు కావాలి. నేను మెట్లెక్కి వస్తాను. నా మోకాళ్ళకి ఏం, బాగానే ఉన్నాయి."

ఆ ఇంటికి అది ఆఖరి అబద్ధం. దిగింది.

గంట ఆగింది. తలుపు మూసుకుంది. నీళ్ళవాడు ఎన్నో అంతస్తని అడిగాడు. ఎవరూ చెప్పకపోతే తనే నొక్కాడు.

లిఫ్టు మెల్లగా పైకి కదిలింది. ఆమె కమ్మీ వదిలి అతని మోచెయ్యి పట్టుకుంది. అతను ఏదో చెప్పబోతే వద్దన్నట్టు తల ఊపింది. వింటోంది. పక్కన మెట్ల మీద తల్లి చెప్పుల చప్పుడు, ఒక్కో మెట్టుకీ ఒక మూలుగు. ఆ చప్పుడు నిజంగా ఉందా అని ఆమె ఎవరినీ అడగలేదు.